గేదె కొమ్ము పిడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గేదె కొమ్ము పిడి గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మడత చాకు బ్లేడు క్షేమం. స్ప్రింగు క్షేమం. ఇత్తడి రేకులూ రివెట్లూ క్షేమమే. తమరి క్షేమం గురించే ఈ ఉత్తరం. ఎందుకంటే తమరు పగిలారో లేదో తేల్చడం బ్రహ్మతరం కూడా అయ్యేలా లేదు.

మే నెలలో హైదరాబాద్‌లో, ఏసీ గాలి తగిలే అలమరలో ఉండగా తమరు పగిలారు. నడిమి రివెట్ దగ్గర మొదలై అంచు దాకా, వెంట్రుకంత గీత. గోరుతో రాస్తే టక్కుమని ఆగేది. అంచులు కూడా లోపలికి కుంచించుకుపోయి, కింది ఇత్తడి రేకు బయటపడి, మామిడికాయ చెక్కు తీసినప్పుడల్లా నా అరచెయ్యి గీరుకుపోయేది. సరే, పుట్టింటికి తీసుకెళ్తే కుదుటపడతారు కదా అని, తమరిని బిగించిన విశాఖపట్నం షాపుకే పట్టుకెళ్లాను. జూలై నెల, ముసురు. షాపాయన భోజనానికి వెళ్లాడు. వచ్చాడు. ఎవరివో టైలరు కత్తెరలు సాన పట్టాడు. ఫోన్ మాట్లాడాడు. టీ తాగాడు. నేను స్టూలు మీద కూర్చునే ఉన్నాను. చివరికి తమరిని ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్లి, అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని, "ఏదండీ పగులు?" అన్నాడు.

నేనూ చూశాను. లేదు! గోరు పెడితే నున్నగా జారిపోయింది. "జీవితాంతం ఉంటుందని ఆరోజే చెప్పాను కదండీ" అని చాకు మడిచి నా చేతిలో పెట్టాడు. అక్కడి కుర్రాడైతే నా మీద జాలిపడ్డాడు. మధ్యాహ్నం పోయింది, పరువు పోయింది. హైదరాబాద్ తిరిగొచ్చి తమరిని మళ్లీ ఆ అలమరలోనే పెట్టాను. కొన్నాళ్లకు తీసి చూస్తే ఏముంది, గీత అక్కడే ఉంది. టక్.

ఇక గారూ, తమరూ అనడం నా వల్ల కాదు.

ఏమయ్యా, దున్నపోతు మీద వాన కురిసినట్టు అని తరతరాలుగా మీ వంశం గురించి చెప్పుకుంటున్నామే, ఆ పేరైనా నిలబెట్టావా? నిజం దున్న కుండపోతలో కూడా తోక కదపదు. నువ్వేమో గాలిలో కాస్త తేమ తగిలితే ఉబ్బుతావు, కాస్త ఆరితే ముడుచుకుపోతావు. గోళ్లూ జుట్టూ దేనితో తయారవుతాయో ఆ కెరటినే నీ ఒళ్లంతా. తేమ పీల్చడం నీ పుట్టు గుణం, ఒప్పుకుంటాను. కానీ రివెట్‌కి ఆ గుణం లేదు. తేమ రోజుల్లో నీకు బిగుతుగా మేకులు కొట్టి ఎండలోకి పంపితే, నువ్వు చిక్కుతావు, రివెట్ కదలదు. ఇక నీకు పగలడం తప్ప దారేముంది? ఆ పగిలేదేదో షాపాయన ముందు పగలొచ్చు కదా!

పైగా నీ వంకర బుద్ధి ఒకటి. కొమ్ములో చాలా భాగం లోపల బోలే. ఎముక మీద తొడుగులా పెరుగుతుంది. చివరి మొన దగ్గరే గట్టిగా నిండి ఉంటుంది. ఆ బోలు భాగాన్ని కోసి, వేడి చేసి మెత్తబరిచి, ప్రెస్‌లో పెట్టి నొక్కితే నీలాంటి బద్దలు వస్తాయి. చదునైంది కదా అని అందరూ సంబరపడతారు. నువ్వు మాత్రం నీ పాత వంపు మరిచిపోవు. అదను చూసి మళ్లీ వంకర తిరుగుతావు. ఫ్రాన్స్‌లో లాగ్యోల్ చాకులకు మంచి పనివాళ్లు మొన ముక్కలు వాడి, వాటికి ధర కూడా గట్టిగానే పెడతారు. ఎందుకో నాకిప్పుడు అర్థమైంది.

నీ బంధువర్గాన్నీ విచారించాను. దుప్పి కొమ్ము అసలు నీ జాతే కాదు, ఎముక. ఏటా రాలిపోతుంది, మళ్లీ మొలుస్తుంది. నీలా ఇన్ని వేషాలు వేయదు. మన అడవుల సాంబర్ దుప్పి కొమ్ముతోనే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ కత్తులవాళ్లు ఏళ్ల తరబడి పిడులు తొడిగారు. 1990ల చివర్లో మనవాళ్లు ఎగుమతి ఆపేశారు. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, రాలిన కొమ్మే కదా అని కొన్నా అమ్మినా కేసే. మంచిదే. చాకు పిడి కోసం అటవీశాఖ వాళ్లతో టెన్షన్ నాకెందుకు? అమెరికాలో పశువుల ఎముకకే గాట్లు పెట్టి, రంగేసి, దుప్పి కొమ్ములా కనిపించేలా చేస్తారు. ఆ నకిలీ కూడా నీకన్నా నిలకడగా ఉంటుంది.

పొట్టేలు కొమ్ముదా? అందగత్తె. ఇటలీలోని సార్డీనియాలో పత్తాడా అనే ఊరి చాకుల పిడులు చూస్తే తేనె రంగు, లోపల చారలు, కన్ను తిప్పుకోలేం. కానీ అదీ నీ రక్తమే, అదే రోగం. ఆవు కొమ్ము లేత రంగుది మరీ పల్చన, అడుగున పూసిన జిగురు మరక కూడా కనిపించిపోతుంది. ఇక మీ అందరికీ కలిపి పెంకు పురుగుల గోల సరేసరి. సొరుగులో పెట్టి మరిచిపోతే పిల్ల పురుగులు చేరి కొమ్ముని కొరికేస్తాయి. బ్లేడుకి తుప్పు భయం, పిడికి పురుగు భయం, మధ్యలో నేను.

మా బావమరిది దగ్గర ఎర్ర ప్లాస్టిక్ పిడి చాకు ఉంది. దానికి ఏ రోగమూ లేదు. అది చూపించి నన్ను చూసి నవ్వుతాడు. నవ్వనీ. చెయ్యి చెమట పట్టినప్పుడు ఆ ప్లాస్టిక్ ఎలా జారుతుందో నేనూ చూశాను. నిన్ను కిటికీ వెలుతురుకి పెడితే నల్లటి ఒంట్లో, పల్చని అంచు దగ్గర ముదురు బెల్లం రంగు కనిపిస్తుంది. ఆ ఒక్కటీ లేకపోతే ఎప్పుడో ఊడబీకి పారేసేవాణ్ని.

అమ్మమ్మల కొమ్ము దువ్వెనలు రోజూ తలకున్న కొబ్బరినూనె తాగి బతికాయి. ఇకనుంచి నీకూ నూనె రాస్తాను. ఏసీ అలమర బంద్. ఇక ఆ పగులు సంగతి. ఈసారి అది నోరు తెరిచినప్పుడే, నువ్వు మనసు మార్చుకునేలోపే, ఆకురాయితో రాల్చిన కొమ్ము పొడి నింపి పైన సూపర్ గ్లూ పోస్తాను. గీకేటప్పుడు ఇల్లంతా కాలిన జుట్టు వాసన వస్తుందని మా ఆవిడకు ముందే చెప్పాను. బాల్కనీలో చేసుకోమంది. ఆ పైన ముసురుకి మళ్లీ ఉబ్బి, ఇంకో రివెట్ దగ్గర పగిలావా, ఆ షాపుకి మాత్రం నిన్ను తీసుకెళ్లను. వీడియో తీసి పంపుతాను.

ఇట్లు,
బావమరిది ముందు ఇంతకాలం నీకు కొమ్ముకాసినవాడు