పక్క షాపు షట్టర్ దిగేదాకా మనకు సెలవు లేదా?

మంగళవారం నాడు విజయవాడ సందుల్లో పాత సెలూన్లు చాలావరకు మూసే ఉంటాయి. ఆ రోజు క్షవరం కూడదన్న పట్టింపు ఏనాటిదోగానీ, నాయీబ్రాహ్మణులకు అదే వారపు సెలవైంది. దానివల్ల గిరాకీ పోయిందా? మంగళవారం రానివాడు బుధవారం వస్తాడు. షాపు రోజూ తీసి ఉందని నెలకు రెండుసార్లు జుట్టు కత్తిరించుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

పోటీ పెరిగితే పనివేళలు పెరుగుతాయి, కస్టమర్‌కు మేలే కదా అనేవాళ్లు ఈ చిన్న లెక్క చూడటం లేదు. పెద్ద బ్రాండ్ల ఏసీ సెలూన్లు వారమంతా తీస్తున్నాయి. రెండు కుర్చీలతో నడుపుకునే మనిషికి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఒక్క మంగళవారం అటు వెళ్లిన కస్టమర్ మళ్లీ ఇటు రాడేమోనని తనూ తీస్తాడు. అతన్ని చూసి ఎదురు షాపు తీస్తుంది. తీరా అందరూ తీశాక ఆరు రోజుల గిరాకీయే ఏడు రోజులకు సర్దుకుంటుంది. పెరిగేది కరెంటు బిల్లు, నడుం నొప్పి. పెద్ద సెలూన్‌లో పనివాళ్లు వంతులవారీగా సెలవు తీసుకుంటారు. ఇతను ఎవరితో వంతు వేసుకోవాలి?

సూర్యారావుపేట ఆస్పత్రుల దగ్గర మందుల షాపు, రైల్వేస్టేషన్ ముందు టిఫిన్ సెంటర్ అర్ధరాత్రి కూడా ఉండాల్సిందే. కాదనను. కానీ టైలరింగ్ షాపుకీ జిరాక్స్ షాపుకీ ఆ అవసరం ఏముంది?

చట్టం కాపాడుతుందనుకుంటే అదీ సగమే. 2016లో షాపుల కోసం కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా చట్టం ఏడాదిలో 365 రోజులూ షాపు తీసుకోవచ్చంది, పనివాళ్లకు వారపు సెలవు మాత్రం తప్పదంది. అయితే అది పదిమంది, ఆపైన పనివాళ్లున్న చోట్లకే. ఒంటరిగా షాపు నడుపుకునేవాడికి విశ్రాంతి ఎవరిస్తారు? మన దగ్గర చిన్న వ్యాపారి గురించి మాట్లాడితే అప్పు గురించే మాట్లాడతాం. అతని నిద్ర గురించి, బడి నుంచి వచ్చిన పిల్లలతో కూర్చునే సాయంత్రం గురించి ఏ పథకమూ పట్టించుకోదు. షాపు పైకొచ్చిందంటాం, పిల్లలు ఎప్పుడు పెద్దయ్యారో ఆ తండ్రికి తెలియదు.

విజయవాడ, గుంటూరు సెలూన్ సంఘాలు పెద్ద బ్రాండ్ల మేనేజర్లను కూడా పిలిచి ఒక్క మాట అడగాలి. మంగళవారం అందరం మూద్దాం. తర్వాత టైలర్లు, మొబైల్ రిపేరువాళ్లు తమ వీధిలో ఏ రోజు కుదురుతుందో తేల్చుకోవచ్చు.