గాలమూ గొట్టమూ

మా అపార్ట్‌మెంటు వెనుక ఉన్న చెరువు గట్టున, మృగశిర కార్తె ప్రవేశించడానికి సరిగ్గా వారం రోజుల ముందు, ఒక కొత్త బోర్డు వెలసింది. ఇందులో చేపలు పట్టుట, ఈదుట, బట్టలుతుకుట, పశువులను కడుగుట నేరమనీ, ఉల్లంఘించినవారికి జరిమానా తప్పదనీ దాని మీద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. నాకు అభ్యంతరమేమీ లేదు. బోర్డు అన్న తరువాత ఏదో ఒకటి నిషేధించాలి, లేకపోతే దాన్ని రేకు అంటారు గానీ బోర్డు అనరు. నన్ను కలవరపెట్టినదల్లా దాన్ని నిలబెట్టిన చోటు. గట్టు మీది మెత్తటి మట్టిలో పాతితే నిలవదనుకున్నారో ఏమో, చెరువులోకి మురుగు వదిలే సిమెంటు గొట్టం పక్కనే కనిపిస్తే, దాని మెడకు ఇనుప తీగ నాలుగు చుట్లు చుట్టి బోర్డు కాలిని దానికి కట్టేశారు. పదేళ్ళ పిల్లవాడు తల వంచకుండా నడిచి వెళ్ళగలిగినంత గొట్టమది. అందులోంచి పగలూ రాత్రీ, సెలవూ పండగా అనకుండా నల్లటి నీరు పడుతూనే ఉంటుంది. ఆ తుంపర్లకు బోర్డు మీది ‘నిషేధిసలాగిదె’ అన్న మాట అప్పుడే సగం చెరిగిపోయింది.

ఈ ఏడు మంచినీటి చేపల సీజను ఎలా ఉందని మదనపల్లె నుంచి మా మేనమామ ఫోనులో అడిగితే, దివ్యంగా సాగుతోందని చెప్పాను. ఆయనకు సీజనంటే తొలకరి. చెరువు నిండి మరవ, అంటే అలుగు, పారిన రోజు, కొత్తనీటి వాసనకు బొచ్చెలూ శీలావతులూ ఎదురెక్కే రోజు, వెదురు గడకు దారం కట్టి, జీలుగు బెండు తగిలించి, అరటి పాదులో తవ్విన వానపామును కొక్కేనికి గుచ్చి, మాట్లాడితే చేప బెదురుతుందని పిల్లల నోళ్ళు మూయించి కూర్చునే రోజు. మృగశిర నాడు ఇంట్లో చేపల పులుసు వాసన రాకపోతే వానదేవుడు అలుగుతాడన్నట్లు పెరిగిన వాళ్ళం. ఆ అలవాటు చావక, బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్ళయినా, ఊళ్ళో నరికించి తెచ్చుకున్న వెదురు గడను బాల్కనీలో బట్టలారేసే తీగ పక్కన భద్రంగా దాచుకున్నాను. అయితే ఈ నగరంలో కొత్తనీరు మరవ వైపు నుంచి రాదు, రాజకాలువలోంచి వస్తుంది. రాజు పేరు పెట్టుకున్న ఆ కాలువ వాననీటి కోసం ఏర్పడింది. వాన దాన్ని ఏడాదికి నాలుగైదు నెలలు వాడుకుంటుంది, ప్రజలం మాత్రం పన్నెండు నెలలూ వాడుకుంటాం.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు నీటిని ఎ నుంచి ఇ వరకు ఐదు తరగతులుగా విడదీశారు. చేపలు బతకాలంటే డి తరగతి కావాలి, అంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలి. దాని కిందిదైన ఇ తరగతి నీరు పొలాలకూ, కర్మాగారాల్లో యంత్రాలు చల్లబరచడానికీ, ‘నియంత్రిత’ వ్యర్థ విసర్జనకూ పనికివస్తుంది. మా చెరువు ఏ తరగతి వెలగబెడుతోందో ముక్కున్న ప్రతివాడూ చెప్పగలడు. ఇందులో సుఖంగా ఉన్నది ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఒక్కటే. దాన్ని పెంచడాన్ని మన ప్రభుత్వం ఏనాడో నిషేధించింది కాబట్టి అది సహజంగానే అన్ని చోట్లా ఉంది. నీటిలో ప్రాణవాయువు లేకపోతే పైకి వచ్చి గాలి మింగి మళ్ళీ కిందికి పోతుంది. నీటితో నిమిత్తం లేకుండా నీటిలో బతకగల ఈ ప్రాణి ఎప్పటికైనా ఈ నగరానికి మేయరు కాగలదని నా నమ్మకం.

అయినా బెంగళూరు చెరువు నుంచి తక్కువేమీ ఆశించకూడదు. చెరువులు ఎండడం విన్నాం, గండి పడడం విన్నాం, అంటుకోవడం మాత్రం బెళ్ళందూరే చూపించింది. 2015 మే నెలలో దాని నురగ మండింది, 2017 ఫిబ్రవరిలో మళ్ళీ పొగ లేచింది, 2018 జనవరిలోనైతే గట్టున అంటుకున్న మంటలను ఆర్పడానికి సైనికులు వేల సంఖ్యలో దిగవలసి వచ్చింది. చెరువును ఆర్పిన సైన్యం ప్రపంచ చరిత్రలో మనకే ఉందని గర్వించవచ్చు.

ఇక నేరం సంగతి. మా కింది అంతస్తులో కడప నుంచి వచ్చి మూడు నెలలైన ఒక తమ్ముడు ఉన్నాడు. ఆన్‌లైన్‌లో ఆరువేలు పోసి కొన్న మడత గాలం ఆయనది. ఒక ఆదివారం ఉదయం ఇద్దరం గట్టున కూర్చుని కొంగజపం మొదలుపెట్టి రెండు గంటలు గడిచాయి, బెండు ఒక్కసారీ మునగలేదు. అప్పుడు ఈల మోగింది. కాపలాదారు పరుగున వచ్చి, “సార్, ఇల్లి మీను హిడియో హాగిల్ల, దండ కట్బేకు” అన్నాడు. కన్నడంలో దండ అంటే జరిమానా అని కడప తమ్ముడికి ఇంకా తెలియదు. ఆయన మొహమాటపడిపోయి, “మనకు దండలెందుకన్నా, ఒక్క చేప గూడా పడ్లేదు గదా” అన్నాడు నాతో.

నిజానికి చట్టపరమైన చిక్కు కూడా అక్కడే ఉంది. చేపే లేనప్పుడు చేపలు పట్టిన కేసు ఎలా అవుతుందన్న సందేహం కాపలాదారుకు కూడా వచ్చి సూపర్‌వైజరుకు ఫోను చేశాడు. ఆయన స్కూటరు మీద, ముక్కుకు చేతిరుమాలు రెండు మడతలు కట్టుకుని, ఆ రుమాలు ఎందుకు కట్టుకోవలసి వచ్చిందన్న ఆలోచన మాత్రం దరిచేరనివ్వకుండా విచ్చేశారు. రశీదు పుస్తకం తీశారు. స్వాధీనం చేసుకున్న సొత్తు అన్న గడిలో వెదురు గడ ఒకటి, బెండు ఒకటి అని రాసి, డబ్బాలోని వానపాములను పుల్లతో కదిలించి లెక్కపెట్టమని కాపలాదారుకు ఆజ్ఞాపించారు. పదకొండు తేలాయి. రాస్తుండగానే ఒకటి అంచు దాటి మట్టిలోకి జారుకుంది, దాంతో పదకొండును కొట్టివేసి పది అని సరిచేసి, కొట్టివేతకు పక్కన నా చేత సంతకం చేయించుకున్నారు. ప్రభుత్వ రికార్డులో ఒక్క వానపాము కూడా తేడా రాకూడదన్న ఆ నిష్ఠను చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

తరువాత ఫోటో. నేరస్థులు, ఆయుధం, చెరువు ఒకే చట్రంలో ఉండాలట, కింద తేదీ, స్థలం పడాలట. మేమిద్దరం కూర్చున్న చోటే నిలబడ్డాం. ఆయన ఫోను పైకెత్తి, చూసి, దించేశారు. వెనుక గొట్టం పడుతోంది. “స్వల్ప ఆ కడె బన్ని సార్” అన్నారు. పది అడుగులు కుడికి జరిగాం, అక్కడ నురగ పడుతోంది. ఇంకో ఇరవై అడుగులు జరిగితే ప్లాస్టిక్ సంచుల దిబ్బా, దాని మీద ఒక పాత పరుపూ పడుతున్నాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తీయబోయారు, గొట్టం మళ్ళీ వచ్చింది. రాతిబెంచీ ఎక్కి తీయబోయారు, ఇప్పుడు రెండో గొట్టం కూడా వచ్చింది, అది ఉందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఆ విధంగా మేము నలుగురం చెరువు చుట్టూ సగం ప్రదక్షిణం చేశాం. చెరువులో జరిగిన నేరాన్ని చెరువు కనపడకుండా ఫోటో తీయడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. చివరికి నడకదారి గోడ దగ్గర సమస్య తీరింది. ఆ గోడ మీద సుందరీకరణలో భాగంగా నీలి నీళ్ళూ, ఎర్ర తామరలూ, రెండు కొంగలూ, గాలిలోకి ఎగిరే ఒక వెండి చేపా గీయించి ఉన్నారు. మమ్మల్ని దానికి ఆనించి నిలబెట్టి క్లిక్కుమనిపించారు. కేసుకు అవసరమైన చేప కూడా అలా సమకూరింది. ఐదువందలు కట్టి, గడ అప్పగించి ఇంటికి వచ్చాం. తమ్ముడి గాలం మడతపడి సంచిలోకి పోయింది కాబట్టి చట్టానికి చిక్కలేదు. పొడుగ్గా ఉండే సొత్తు పేదవాడిదే అవుతుంది కాబోలు.

గాలం పట్టుకున్నవాణ్ణి చూస్తే వ్యవస్థకు వచ్చే ఈ పౌరుషం మా చెరువుతో మొదలు కాలేదు. కావేరిలో మూపురం ఉన్న మహసీరు అనే మహా చేప ఒకటుంది. 1946లో, వేటాడిన జంతువుల చర్మాలను బొమ్మలుగా నిలబెట్టడంలో పేరుపడ్డ మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబీకుడొకడు పట్టినది 120 పౌన్లు తూగింది, అంటే మన లెక్కలో 54 కిలోలు. దానికి ఎర ఏమిటో తెలిస్తే రాయలసీమవాడి గుండె ఉప్పొంగుతుంది: రాగి ముద్ద. కావేరి అభయారణ్యంలోని భీమేశ్వరి, గాలిబోరె శిబిరాల్లో రాగి ముద్దతో మహసీరును పట్టి, తూచి, పుస్తకంలో రాసి, తిరిగి నీళ్ళలో వదిలేవారు. అభయారణ్యంలో గాలం వేయడం వేటతో సమానమని తేల్చి దానికి స్వస్తి పలికారు. విచిత్రమేమిటంటే, గాలిబోరెలో 1998 నుంచి 2012 దాకా ఆ వేటగాళ్ళు రాసిపెట్టిన లెక్కల వల్లనే, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీరు పెరిగిపోయి మూపురపు మహసీరు కనుమరుగవుతోందని శాస్త్రజ్ఞులకు తెలిసింది. 2018లో దానికి టోర్ రెమాదేవి అన్న శాస్త్రీయ నామం స్థిరపడింది, ఆ వెంటనే అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలోనూ చేరింది. నామకరణమూ ఆఖరి ఘడియా ఒకే ముహూర్తానికి కుదిరాయన్నమాట. గాలాలను వెళ్ళగొట్టిన ఆ నది దగ్గరికి మన గొట్టం మాత్రం నిరాటంకంగా వెళుతుంది. పడమటి బెంగళూరు మురుగు వృషభావతిలో కలిసి, వృషభావతి అర్కావతిలో కలిసి, అర్కావతి గాలిబోరెకు దగ్గరలోని సంగమ వద్ద కావేరిలో కలుస్తుంది. అభయారణ్యంలోకి వెళ్ళడానికి దానికి పర్మిట్ అక్కర లేదు.

ఆషాఢంలో ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లవారి పాలకు దిగినవాణ్ణి వాసనకు గట్టెక్కి చూశాను. చెరువు ఒడ్డంతా తెల్లగా ఉంది. నురగ అనుకున్నాను. కాదు, పొట్టలు. వేలి పొడవు బంగారుతీగ పిల్లల నుంచి మోచేతి పొడవు బొచ్చెల దాకా, నోళ్ళు తెరుచుకుని, మొప్పలు విచ్చుకుని, ఒకదాని మీద ఒకటి. నాచు పట్టిన నీటిలో తెల్లవారుజామున ప్రాణవాయువు ఎటూ అడుగంటి ఉంటుంది. ఆ వేళ వరద గొట్టంలోని మురుగునంతా ఒక్కసారిగా తోసి, అడుగున పేరుకున్న బురదను కలియబెడితే ఏ చేప బతుకుతుంది? 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు కుప్పలుగా తేలినప్పుడు ఊరంతా ముక్కు మూసుకుని చూసింది. ఆ తరువాతైనా గొట్టాలు మూశారా? గోడల మీద తామరలు గీశారు.

టెండరు పాడుకుని చెరువులో చేపపిల్లలను వదిలిన మనిషి గట్టున గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన ఎవరినీ ఏమీ అనడం లేదు. ఇద్దరు ఆడకూలీలు మోకాలి లోతు నీటిలో దిగి కుళ్ళిన చేపలను ఉత్త చేతులతో ఎత్తి గోనెసంచుల్లో వేస్తున్నారు. ఉత్త చేతులతో! గోడకు వేసిన నీలిరంగు డబ్బా ఖరీదు పెడితే ఆ నాలుగు చేతులకూ తొడుగులు రావా? నా పది వానపాములను పుల్లతో లెక్కించి సంతకం చేయించుకున్న దొరలు ఆ ఉదయం ఒక్క చేపనైనా లెక్కపెట్టారా? రశీదు రాశారా? ఎవరినైనా గోడకు ఆనించి నిలబెట్టి ఫోటో తీశారా? తెలుగులో గొట్టంగాడు అన్నది తిట్టు ఎందుకయిందో నాకు ఇన్నాళ్ళకు బోధపడింది. గొట్టం ఎవడి మాటా వినదు, దాన్ని ఎవడూ ఏమీ అనడు.

కోపం ఆపుకోలేక మూడు కార్యాలయాలకు ఫిర్యాదు రాశాను. నీరు మాది గానీ చేపలు మావి కావని ఒకరు, చేపలు మావి గానీ గొట్టం మాది కాదని ఇంకొకరు, గొట్టం మాదే గానీ అందులో వచ్చే నీరు మాది కాదని మూడోవారు జవాబిచ్చారు. చిన్నప్పుడు విన్న ఏడు చేపల కథలో చేప ఎండకపోవడానికి గడ్డిమోపు నుంచి అవ్వ దాకా అందరూ ఇలాగే పక్కవాణ్ణి చూపించారు. కానీ ఆ కథలో చివర ఒక చీమ ఉంది. అవును, నేనే కుట్టాను, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అని ఒప్పుకుంది. అంత నిజాయితీ గల చీమ మా వార్డు పరిధిలో లేదు.

ఫిర్యాదు కాగితాలు పోస్టు చేసి వస్తూ, సాయంత్రం మళ్ళీ గట్టు వైపు వెళ్ళాను. సంచులు ఇంకా నిండుతూనే ఉన్నాయి. కాపలాదారు గొట్టం కింద నిలబడి, చేతికి అందని లోతులో ఉన్నవాటిని పొడుగాటి వెదురు గడతో ఒడ్డుకు లాగుతున్నాడు. గడ చివర దారం, దారానికి జీలుగు బెండు, దాని కింద కొక్కెం. స్వాధీనం చేసుకున్న సొత్తు. నేను చూస్తుండగానే కొక్కెం ఒక పెద్ద బొచ్చె మొప్పకు తగులుకుంది, బెండు బుడుంగున మునిగింది. ఆయన రెండు చేతులా లాగి దాన్ని బోర్డు కాలి దగ్గర పడేసి, నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

“దొడ్డ మీను సార్, నాల్కు కేజీ ఇరత్తె” అన్నాడు.