డిశ్చార్జి తర్వాత నడిపించేదెవరు?

పడిపోయిన కాలి చెప్పు గడప దగ్గరే జారిపోతుంది. ఆ సంగతి తెలియకుండానే మనిషి నాలుగడుగులు వేసేస్తాడు. పాదం లేవదు కాబట్టి కాలిని పక్కకు తిప్పి, సున్నా చుట్టినట్టు వేస్తాడు. పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో రోజూ కనిపించేదే ఇది. ప్రాణం దక్కిందని ఆస్పత్రి పంపేశాక ఆ కాలి బాధ్యత ఎవరిదీ కాకుండా పోతోంది.

అమెరికాలో పక్షవాతం వచ్చిన 408 మందితో చేసిన 'లీప్స్' పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. కొందరికి పట్టీలు కట్టి, ఒంటి బరువు కొంత పైనుంచే మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. ఒక జట్టుకు రెండు నెలలకే మొదలుపెడితే, ఇంకో జట్టుకు ఆరు నెలల దాకా ఆగారు. మూడో జట్టువాళ్లకు ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్లి కాళ్ల బలానికి, నిలకడకు వ్యాయామాలు చేయించారు. ఏడాదికి మొత్తం 52 శాతం మంది నడక మెరుగైంది. జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో చేసిన వ్యాయామం ఖరీదైన మెషీన్‌కు ఎక్కడా తీసిపోలేదు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లూ అందుకున్నారు. మన దగ్గరేమో ఆరు నెలలు దాటితే 'ఇక ఇంతే' అనేస్తారు. ఆ నిరాశలోనే జనం పావురం నెత్తురు రాసేవాళ్ల దగ్గరికి పరుగెడుతున్నారు.

పోనీ, ఇంట్లోవాళ్లకే నేర్పితే? ఆ పరీక్షా మన దేశంలోనే జరిగింది. 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో చేసిన 'అటెండ్' అధ్యయనం 2017లో వెలువడింది. బంధువులకు శిక్షణ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆరు నెలలకు 47 శాతం మంది చనిపోవడమో, ఒకరి మీద ఆధారపడటమో జరిగింది. ఇందులో కుటుంబాల తప్పేం లేదు. మొగుణ్ని లేపీ లేపీ తన నడుమే పట్టేసిన ఇల్లాలికి ఇంకో డ్యూటీ వేయడం న్యాయం కాదు. తొందరపడినా చిక్కే. మొదటి 24 గంటల్లోనే మంచం దింపి గట్టిగా సాధన చేయిస్తే కోలుకునే అవకాశం తగ్గిందని 2015లో 'అవెర్ట్' అధ్యయనం తేల్చింది. ఎప్పుడు, ఎంత చేయించాలో తెలిసిన మనిషి కావాలి.

డిశ్చార్జి కాగితం మీద 'ఫిజియోథెరపీ చేయించండి' అని ఒక లైను రాస్తే సరిపోదు. మండలానికి ఒక్క ఫిజియోథెరపిస్టయినా ఇళ్లకు వెళ్లాలి, ఆ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకాలే భరించాలి. ఫలితం కొలవడానికి టేపు, స్టాప్‌వాచ్ చాలు. పది మీటర్ల నడకకు 25 సెకన్లు దాటితే ఆ మనిషి దాదాపు ఇంటికే పరిమితం. ఆ సెకన్లు రాసిపెట్టే రిజిస్టరు ప్రతి పీహెచ్‌సీలో తెరవాలని అడుగుతున్నాం.