తప్పంతా సీసాదేనా?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం మొన్న జరిపిన ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ మధ్య వేసిన హాస్య నాటిక మీకు గుర్తుండే ఉంటుంది. తాగి తూలుతూ వచ్చిన మొగుడు పెళ్లాం మీద చెయ్యెత్తడం, ఆవిడ అప్పడాల కర్ర అందుకోవడం, హాలంతా ఈలలు. నాటిక సంగతి అలా ఉంచండి. నన్ను ఎక్కువ గుచ్చింది ఆ తరువాత పులిహోర వరుసలో వినబడిన మాట. మనందరికీ తెలిసిన ఒక ఇంట్లో మొగుడు తాగి భార్యను కొట్టే విషయం ఎవరో ఎత్తారు (అందరికీ తెలుసు కాబట్టే ఇక్కడ అంతకు మించి రాయను). సంఘంలో పెద్దమనిషి అనిపించుకున్న ఒకాయన చేతిలో పళ్లెంతోనే తీర్పు చెప్పేశారు: "అబ్బాయి బంగారం అండీ. మందే అతని చేత అలా చేయిస్తోంది. అది మానిపిస్తే అన్నీ సర్దుకుంటాయి." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

మాది నెల్లూరు జిల్లా. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాపై తిరగబడిన సంగతి మీలో చాలామందికి తెలుసు. మా మేనమామ భార్య, మా అత్త, ఆ రోజుల్లో సారా వేలం ఆపడానికి వెళ్లినవాళ్లలో ఒకతె. మామయ్య రోజూ సాయంత్రం సారా కొట్టు నుంచి వచ్చి ఆమెను కొట్టేవాడు మరి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. మామయ్య నిజంగానే మానేశాడు. మొదట్లో చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ వచ్చి సెలైను ఎక్కించాడు. గట్టెక్కాక బ్రాందీ జోలికి కూడా పోలేదు. ఆ సంక్రాంతికి మేము వెళితే ఊరంతా ఆయన్ను మెచ్చుకుంటోంది. పండుగ పూటే పులుసులో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరికొట్టి అత్త చెంప వాయించాడు. అప్పటికి నింద మొయ్యడానికి సారా లేదు. "తాగే రోజుల్లోనే నయం వదినా, ఏ వేళకు దెబ్బలు పడతాయో తెలిసేది" అని అత్త మా అమ్మతో అంది.

అదే ఊళ్లో మా చిన్నతాత దాదాపు జీవితమంతా తాగాడు. రెండెకరాలు అమ్ముకున్నాడు. కాలేయం చెడి, కామెర్లతో పోయాడు. చిన్ననాయనమ్మ మీద చెయ్యి కాదు కదా, గొంతు కూడా ఎత్తి ఎరగడు. వసారాలో చాప వేసుకుని తనను తానే తిట్టుకుంటూ పడుకునేవాడు. ఊరు మాత్రం ఇద్దరినీ 'తాగుబోతు' అనే ఒక్క మాటతో చుట్టేసింది. సారా మానాక మామయ్య మంచివాడైపోయాడు. చిన్నతాత పోయేదాకా పనికిమాలినవాడే.

ఆ లెక్కనే మనం విమానంలో ఇక్కడికీ మోసుకొచ్చాం.

వ్యసనం జబ్బు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన నిర్ధారణ గ్రంథం దానికి 11 లక్షణాలు చెబుతుంది. ఏడాదిలో రెండు కనబడినా జబ్బు ఉన్నట్టే, ఆరు లేదా అంతకు మించితే తీవ్రమైనట్టు. మానాలనుకుని మానలేకపోవడం, మోతాదు పెంచితే తప్ప మత్తు ఎక్కకపోవడం, ఇంట్లో గొడవలు అవుతున్నా తాగడం ఆపలేకపోవడం, ఇలాంటివి. ఇంట్లోవాళ్లను కొట్టడం ఆ పదకొండులో ఒకటి కాదు. కొట్టించేది మందే అయితే కంపెనీ విందులో రెండు గ్లాసులు ఎక్కువైన రోజున మేనేజరు చెంప ఎందుకు పగలడం లేదు? మన పెద్దలు చెప్పిన సప్తవ్యసనాల్లో కూడా పానం వేరు, వాక్పారుష్యం (పరుషమైన మాట) వేరు, దండపారుష్యం (కఠినమైన శిక్ష) వేరు. విదురుడు అవి చెప్పింది రాజుకు, నిజమే. ఇంట్లో రాజుననుకునే వాళ్లకు వర్తించవని ఎవరూ అనలేరు.

ఇక మనసును పట్టుకుని వదలని పిచ్చి. మా నాయనమ్మ మడి చూసినవాళ్లు ఇప్పుడైతే 'ఓసీడీ' అనే మనోవ్యాధి అనేస్తారు. కాదు. వంట ముగిసి అందరూ తిన్నాక ఆవిడ హాయిగా కాళ్లు చాపుకుని కూర్చునేది. నిజంగా ఆ జబ్బు ఉన్నవాళ్లకు అంత హాయి దొరకదు. చేతులు ఇరవై సార్లు కడిగినా, పొయ్యి ఆపామో లేదో పదిసార్లు చూసినా అనుమానం తీరక నరకం పడతారు. దానికి చికిత్స ఉంది. భార్య ఫోను గంటకోసారి తెరిచి చూసి, ఆమె ఏ దుకాణంలో ఉందో మ్యాపులో వెతికే మొగుడికి ఆ పేరు అంటగట్టకండి. 'ఆమె అంటే పిచ్చి ప్రేమ' అని మురవకండి కూడా. ఓసీడీ ఉన్నవాడు తన ఆలోచనకు తానే బందీ. ఇతను బందీ చేస్తున్నది ఆమెను.

వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదని నేను అనడం లేదు. మత్తులో దెబ్బ గట్టిగా పడుతుంది. దెబ్బలు తిన్న మనిషి నిద్రమాత్రలకో వైనుకో అలవాటు పడవచ్చు. వదలని ఆలోచనల నోరు మూయించడానికి తాగేవాళ్లూ ఉన్నారు. ముడి ఒకటే అయినా విప్పే చేతులు వేరు. తాగుడుకు డాక్టరు కావాలి. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు నిష్ఠగా ఉండేవాళ్లంటే నాకు గౌరవమే, కానీ వాళ్లను చూపించి 'తలుచుకుంటే మానలేడా' అనకండి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. హింసకు ముందుగా కావలసింది దెబ్బలు తినే మనిషికి రక్షణ. మనమేమో జంటను సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కార్యవర్గంలోని ఇద్దరు పెద్దల చేత సర్ది చెప్పిస్తాం. ఆ టీ తాగాక ఆమె అతని కారులోనే ఇంటికి వెళ్లాలి. హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉంటే అమెరికాలో ఆమె ఉనికికి ఆధారం కూడా అతని ఉద్యోగమే. అక్కడ ఏం మాట్లాడుతుంది?

అందుకే కార్యవర్గానికి నా మనవి. దయచేసి ఆ పంచాయతీలు ఆపండి. 1985 నుంచి న్యూజెర్సీలో మానవి, 1989 నుంచి న్యూయార్క్‌లో సఖి అనే సంస్థలు దక్షిణాసియా ఆడవాళ్లకు అండగా ఉన్నాయి. ఆ పని తెలిసినవాళ్లకు వదిలేయండి. మన సంఘం పత్రిక వచ్చే సంచికలో నగల దుకాణం ప్రకటన పక్కన పావు పేజీ కేటాయించి రెండు నంబర్లు వేయండి. ఇంట్లో హింసకు 1-800-799-7233. తాగుడుకైనా మత్తుమందులకైనా 1-800-662-4357. రెండూ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతాయి. ఆ పావు పేజీ రుసుము ఎంతో కోశాధికారి గారు చెబితే చెక్కు పంపిస్తాను.