మూడేళ్ల చదువంటే అంత చులకనా?

మా చెల్లెలు ఇక్కడ మూడేళ్ల బీకాం చదివింది. అమెరికాలో పైచదువుకు దరఖాస్తు చేస్తే, ‘మీ డిగ్రీ మా నాలుగేళ్ల డిగ్రీకి సమానం కాదు’ అని ఒక్క వాక్యంలో జవాబు పంపారు. ఐరోపా దేశాలు తమ డిగ్రీలను ఒకే తీరుకు తెచ్చుకోవడానికి పెట్టుకున్న బొలోన్యా విధానం కింద చాలా దేశాల్లో డిగ్రీ మూడేళ్లే కదా! ఏం చదివిందో చూడకుండా ఏళ్లు లెక్కపెట్టడమేమిటి?

అంతకుముందు కవరు బాధ ఒకటి. మార్కుల జాబితాల నకళ్లను ఇక్కడి విశ్వవిద్యాలయమే కవరులో పెట్టి, అంటించిన చోట ముద్ర వేసి, సంతకం చేసి ఇవ్వాలి. పరీక్షల విభాగం కిటికీ దగ్గర నాలుగుసార్లు నిలబడ్డాం. చివరికి చేతికొచ్చిన కవరు మీద ముద్ర సగమే పడింది, సంతకం మడతను దాటలేదు. అవతలివాళ్లు తిప్పి పంపేశారు. మళ్లీ రుసుము, మళ్లీ వరుస. ఈలోగా ఆ ఏడాది గడువు కాస్తా దాటిపోయింది.

విదేశీ డిగ్రీల గుర్తింపు మీద 2019లో యునెస్కో ఒక ప్రపంచ ఒప్పందం తెచ్చింది. 2023 మార్చిలో అమల్లోకి వచ్చింది. చదువుల మధ్య గణనీయమైన తేడా ఉందని చూపించగలిగితేనే కాదనాలి, కాదంటే కారణం చెప్పాలి అన్నది దాని సారం. చేరిన దేశాలకే అది వర్తిస్తుంది, నిజమే. కానీ కారణం చెప్పడానికి ఒప్పందమే కావాలా? ఏ సబ్జెక్టు తక్కువైందో మాకు ఇప్పటికీ తెలియదు.

కాస్ట్ అకౌంటింగ్ లెక్కలు రాత్రి రెండింటిదాకా చేసిన పిల్ల, ‘నా చదువు నిజంగా తక్కువదా అక్కా?’ అని నన్ను అడుగుతోంది. వింటుంటే కడుపు రగిలిపోతోంది.