పాప యాడికి పాయ?

పోయిన డిసెంబరులో డల్లాస్ నుంచి జమ్మలమడుగు దగ్గర మా ఊరికి పోయినప్పుడు, మా పాప సూట్‌కేసులో బట్టల మధ్య, కళ్ళకు కట్టుకుంటే ఆటలోకమే చుట్టూ కనబడే వీఆర్ హెడ్‌సెట్ కూడా సర్దుకుంది. పద్నాలుగేళ్ళ పిల్ల. "మూడు వారాలు అది లేకుండా ఉండలేవా?" అంటే, "నువ్వు ఫోన్ లేకుండా ఉంటావా అమ్మా?" అంది. హెడ్‌సెట్ మాతో వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం పడసాలలో మంచం పక్కకు జరిపి, కంట్రోలర్‌తో తన చుట్టూ నేల మీద గీత గీసుకుంది. ఆ గీత బయటివాళ్ళకు కనబడదు. లోపలున్నవాళ్ళు దాటబోతే కళ్ళ ముందు వల లాంటి గోడ లేస్తుంది, బీరువాకో గడపకో తగులుకోకుండా. మా అమ్మ చాటలో కందిపప్పు ఏరుకుంటూ చూస్తోంది. పిల్ల గాల్లో చేతులు ఆడిస్తుంది, వంగుతుంది, ఉలిక్కిపడుతుంది, ఎవరితోనో బేరమాడుతుంది.

"పాప యాడికి పాయమ్మే?" అంది అమ్మ.

"ఈడనే ఉండాది గదమ్మా, కనపడల్యా?"

"ఒళ్ళు ఈడ ఉండాది. పాప యాడికి పాయ అని అడుగుతాండా."

నేను జవాబు వెతుక్కుంటుండగానే ఆమె చాట పక్కన పెట్టి, నడుముకు దోపుకున్న ఇనప తాళాల గుత్తి తీసి పిల్ల కాళ్ళ దగ్గర పెట్టింది. హెడ్‌సెట్ తీసేదాకా అక్కడే కూచుంది. "ఒళ్ళు విడిచి పోయినోళ్ళకు ఒకరు కాపలా ఉండాల" అంది. భయపడుతూ కాదు, నవ్వులాటకూ కాదు. పొయ్యి మీద పాలుంటే పక్కన ఒకరుండాలి అన్నంత మామూలుగా.

ఆట అయిపోయాక పాప తాళాలు చూసి, ఇవెందుకని అడిగింది. "ఇనుముంటే ఏవీ దగ్గరికి రావు" అంది అవ్వ. పిల్ల ఒక్క గెంతు గెంతింది. "అమ్మా! అవ్వకు ఐరన్ రూల్ తెలుసు!"

ఈ రూల్ సంగతి చెప్పాలంటే మా పాప రెండేళ్ళుగా మింగేస్తున్న పుస్తకాల సంగతి చెప్పాలి. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటాయి. టీనేజి పిల్లల కోసం రాసే ఫాంటసీ నవలలు. వీఆర్ ఆట ఆడే పిల్లలు అందులో కనబడేవి ప్రోగ్రామ్ చేసిన బొమ్మలు కాదనీ, నిజంగానే 'ఫే' అనీ తెలుసుకుంటారు. అక్కణ్ణుంచి కథ. ఫే అంటే మన ఇంగ్లీషు రీడర్లలో ఉండే రెక్కల అమ్మాయి, మెరిసే మంత్రదండం కాదు. ఆ ముద్దొచ్చే రూపం చాలావరకు తర్వాతి కాలం నాటకాలూ బొమ్మలూ తెచ్చిపెట్టింది. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో చెప్పుకున్నవాళ్ళు వేరే. మనిషంత ఉంటారు, మట్టి దిబ్బల కింద కాపురముంటారు, పాడతారు, ఆడతారు, మనుషులతో ఒప్పందాలు చేసుకుంటారు. దేవుళ్ళు కారు, రాక్షసులూ కారు. వాళ్ళతో వ్యవహారానికి కట్టుబాట్లున్నాయి. వాళ్ళు పెట్టింది తినకూడదు, అసలు పేరు చెప్పకూడదు, ఇచ్చిన మాటలో ఒక్క అక్షరం తప్పకూడదు, ఇనుము దగ్గరుంచుకోవాలి.

మన తెలుగు సంఘం వాళ్ళలో కొందరికి ఈ పుస్తకాలంటే గిట్టదు. పోయిన ఏడాది డల్లాస్‌లో జరిగిన వనభోజనాల దగ్గర ఒకాయన నాతో, "మన పురాణాల్లో లేనిదేముందండీ, ఈ ఇంగ్లీషు దయ్యాల కథలెందుకు?" అన్నారు. ఆయనకు అప్పుడు చెప్పలేని జవాబు ఇప్పుడు చెప్తున్నా. మన పిల్లలకు దేవుళ్ళ కథలు కావలసినన్ని చెప్పాం. దేవుళ్ళు కానివాళ్ళ కథలు ఒక్కటీ చెప్పలేదు.

ఆదివారం తెలుగు తరగతిలో దశావతారాలు ఉంటాయి, సుమతీ శతకం ఉంటుంది, సంక్రాంతికి గొబ్బెమ్మల పాట ఉంటుంది. అన్నీ మంచివే. కానీ మా ఊరి చెరువు కట్ట మీద వేపచెట్టు కింద పసుపు పూసిన ఏడు రాళ్ళుండేవి, అక్కదేవతలు. ఏడుగురు అక్కచెల్లెళ్ళు. మిట్టమధ్యాహ్నం జుట్టు విరబోసుకొని ఒంటరిగా బాయి దగ్గరికి పోగూడదు, వాళ్ళు నీళ్ళకొచ్చే పొద్దు అది. పోతే గాలి సోకుతుంది. వాళ్ళ పాలు వాళ్ళకు పెడితే ఊరి జోలికి రారు. ఇంతే కథ. ఇందులో నీతి లేదు, భక్తి కూడా అంతంతే. ఇరుగుపొరుగు లెక్క. ఇది ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పరు, ఎందుకంటే స్టేజి ఎక్కించడానికి పనికిరాదు. ఎక్కించినా ముందు వాళ్ళను అమ్మవార్లను చేసి, కిరీటం పెట్టి, హారతిచ్చి గానీ వదలం.

పాప మాత్రం ఆ ఏడు రాళ్ళ సంగతి విన్న సాయంత్రమే నోట్‌బుక్కు తీసి రెండు వరసలు గీసుకుంది. ఒకవైపు వాళ్ళవి, ఇంకోవైపు మనవి. ఐరిష్‌వాళ్ళు ఫే అని నోరారా అనరు, 'మంచివాళ్ళు' అంటారు. మనం రాత్రిపూట పాము అనం, పురుగు అంటాం. ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసింది అన్నాం గానీ జబ్బు పేరెత్తలేదు. వాళ్ళు ఉయ్యాల మీద ఇనుము వేలాడదీశారు, మనం బాలింత తలగడ కింద కత్తి పెట్టాం. నా చిన్నప్పుడు తలుపుల మీద బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులున్నాయి. అది చెప్తే పిల్ల పడీ పడీ నవ్వింది. దయ్యం రోజూ వచ్చి, రోజూ చదివి, రోజూ వెనక్కి పోవాలి. రాసిన మాటకు అక్షరాలా కట్టుబడాలి. "ఇట్స్ ఎ లూప్‌హోల్ అమ్మా!" అంది. ముప్ఫై ఏళ్ళు ఆ తలుపు కథ నేను జోకులాగే చెప్పుకున్నాను. అదొక ఒప్పందమని నాకెప్పుడూ తట్టలేదు.

ఈ నవలలన్నీ గొప్పవని నేననను. చాలావాటిలో హెడ్‌సెట్ ఒట్టి తలుపు, తగిలించుకుంటే అవతల పడతారు, అంతే. ఆ మాత్రానికి వీఆర్ ఎందుకు, నార్నియా కథలో పిల్లలు దూరిన పాత బీరువా చాలు. బాగా రాసినవాళ్ళు పట్టుకున్న కీలకం వేరు. యాప్ పెట్టుకునేటప్పుడు మనం చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కే నాలుగు గజాల ఒప్పందమూ, ఫేతో చేసుకునే ఒప్పందమూ ఒకటేనని వాళ్ళకు తెలుసు. ఫే అబద్ధమాడలేరు, ఆడకుండానే ముంచుతారు. (మన బలి చక్రవర్తిదీ దాదాపు ఇదే కేసు. ఆయనకు శుక్రాచార్యుల వంటి లాయరు పక్కనే కూచుని, ఆ మూడడుగుల అసలు కొలత విప్పి చెప్పినా వినలేదు, అది వేరే సంగతి.)

ఇక ఒళ్ళు ఒకచోట, మనిషి ఇంకోచోట అన్న ఆలోచన. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త తలకు తగిలించుకునే తొలి తెరల్లో ఒకటి తయారుచేస్తే, బరువెక్కువై దాన్ని పైకప్పు నుంచి వేలాడదీశారు. ఆ ఆలోచనను మనవాళ్ళు ఎంతో ముందే పరకాయ ప్రవేశం అన్నారు. ఆది శంకరుడు అమరుక రాజు దేహంలో చేరితే శిష్యులు గుహలో గురువు ఒంటిని కాచుకొని కూచున్నారు. విక్రమార్కుడు చిలుకలో చేరితే, కాపలా లేని రాజు ఒంట్లోకి అదే మంత్రం నేర్చిన ఇంకొకడు దూరాడు. పాప భాషలో అకౌంట్ హ్యాక్ అయింది. మా అమ్మ ఈ కథలు చదివింది కాదు. తోలుబొమ్మలాటల్లో, బుర్రకథల్లో విన్నదే. కానీ పప్పు ఏరడం ఆపి కూచున్నది ఆ శిష్యుల పని మీదే.

తోలుబొమ్మల మాట వచ్చింది గనుక ఇంకొకటి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలుతో బొమ్మలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లటి పంచె, వెనక దీపం, తోలు మీద రంగులు. ఆడేది రామాయణమే. కానీ మధ్యమధ్య బంగారక్క, కేతిగాడు దూకుతారు. వాల్మీకి ఎరగడు వాళ్ళను. బూతులాడతారు, తన్నుకుంటారు, జనం నిద్ర వదిలిస్తారు. రాత్రంతా ఒట్టి దేవుళ్ళతో నడవదని ఆడేవాళ్ళకు తెలుసు. మన ఆదివారం తరగతికే ఇంకా తెలియలేదు.

"మూఢనమ్మకాలు నేర్పుతావా?" అని అడిగేవాళ్ళుంటారు. అడగాలి కూడా. 1895లో ఐర్లండ్‌లోని టిప్పరరీలో బ్రిజిట్ క్లియరీ అనే ఆమెను సొంత మొగుడే కాల్చి చంపాడు. ఆమె తన పెళ్ళాం కాదట, ఫే మార్చిపెట్టిన మనిషట. మన వైపు గాలి సోకిందని వేపమండలతో కొట్టిన ఆడపిల్లలు ఎంతమందో. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది, దాదాపు ఐదెకరాల ఊడలు. ఆటలో మాయలోకానికి వాకిలి పెట్టాలంటే అంతకంటే మంచి చోటు దొరకదు. కానీ దాని మొదట్లో ఉన్నది 1434లో మొగుడి చితి ఎక్కిందని చెప్పే ఆడమనిషి కథ. ఆ కథ చెప్పినప్పుడు పాప నవ్వలేదు, నోట్‌బుక్కులో రాసుకోనూ లేదు. అందుకే ఇవి నవలల్లోకి, ఆటల్లోకి రావాలంటాను. నమ్మినంత కాలం నియమం మనుషుల్ని కరుస్తుంది. కథలోకి వచ్చాక పద్నాలుగేళ్ళ పిల్ల దాన్ని తిరగేసి, ఇదెవరు పెట్టారు, ఎవరికోసం పెట్టారు అని అడగగలదు.

సెలవుల చివర్లో బెలుం గుహలకు పోయినాం. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల. మండలం పేరు కొలిమిగుండ్ల. "కొలిమి అంటే ఇనుము కాల్చే చోటు కదా? గుహ కాపలాకి పెట్టారా?" అని పాప కారులోనే మొదలుపెట్టింది. గుహ అంటే కొండ ఉంటుందనుకుంది. కొండ లేదు. అరచేతిలా చదును నేల, చుట్టూ చేలు, మధ్యలో బావి లాంటి గుంట, అందులోకి మెట్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాసిపెట్టి పోయాక, 1982, 83ల్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషకుడి బృందం కొలిచే దాకా దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. మొత్తం 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్క. పంకాలతో గాలి కొడుతున్నా చొక్కాలు తడిసిపోతాయి. సున్నపురాయి పడగల్లా విప్పుకున్న చోటు చూసి, మాయామందిరం అనే చోటు దాటి, కిందకు దిగితే పాతాళగంగ. సన్నటి నీటి ధార బండలోకి దూరి మాయమవుతుంది. పాప ఆ నీళ్ళలో వేలు పెట్టబోయి ఆగింది. "తాగకూడదు, కదా?" అని తనలో తనే అనుకుంది. ఏ పుస్తకపు నియమమో, ఏ అవ్వ నియమమో నేనడగలేదు.

పైకొచ్చాక ఎంతసేపయిందని అడిగింది. గంటకు పైనే. తను పది నిమిషాలనుకుందట. ఐరిష్ కథలో ఆశీన్ ఫే లోకంలో మూడేళ్ళున్నాననుకొని తిరిగొస్తే మూడు వందలేళ్ళయిందని తనే చెప్పింది. పోతన భాగవతంలో కకుద్మి కూతురు రేవతిని వెంటబెట్టుకొని బ్రహ్మ దగ్గరికి పోయి, పాట అయ్యేదాకా ఆగి వచ్చేసరికి ఇరవై ఏడు మహాయుగాలు గడిచాయని నేను చెప్పాను. (పోతన మా ఒంటిమిట్టవాడే. ఓరుగల్లువాళ్ళు ఏమన్నా అననీ.) "ఇరవై ఏడు! వాళ్ళు మూడు వందలేళ్ళకే ఏడ్చారు" అంది పాప, గెలిచినట్టు.

ఇప్పుడు తనే ఒక కథ రాస్తోంది. బెలుం కింద ఆట, ఆటలో ఏడుగురు అక్కచెల్లెళ్ళు. ఇంగ్లీషులోనే రాస్తోంది, రాయనీ. మన పత్రిక పిల్లల పోటీకి ఏటా 'నాకిష్టమైన పండుగ' అని పెడుతున్నాం, వచ్చినవన్నీ ఒకేలా ఉంటున్నాయి. ఈసారి 'మా ఊరి చెరువు దగ్గర ఏముండేది, దాని నియమమేమిటి' అని పెట్టండి. పిల్లలకు తెలియదు, ఇంటికి ఫోన్ చేసి అడగాల్సి వస్తుంది.

మా ఇంట్లో ఆ పని జనవరిలోనే అయింది. ఏడుగురి పేర్లు కావాలని పాప డల్లాస్ నుంచి రాత్రి పదింటికి వీడియో కాల్ చేసింది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"పొద్దుండంగ చెప్పాల ఆ పేర్లు."

"నీకు పగలే కదా అవ్వా."

"నాకు పగలే. వినేదానివి నీకు రేయి గదా. నీకు తెల్లారినాక చెయ్యి."

మాకు తెల్లారేసరికి జమ్మలమడుగులో చీకటి పడిపోతుంది. పాప రెండు ఊళ్ళ పొద్దుల లెక్క వేసింది. జనవరిలో ఇద్దరికీ ఒకేసారి ఎండ ఉండే క్షణం ఒక్కటీ లేదు. మే నెలలో మాత్రం డల్లాస్‌లో ఆరున్నరకు పొద్దు పొడిస్తే, అక్కడ సాయంత్రం ఐదు. గంటకు పైగా దొరుకుతుంది. మే పదిహేనుకు అలారం పెట్టుకుంది.