నత్తనడక గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ నత్తనడక గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. జిల్లా పేజీల్లో మీ పేరు కనపడని వారం లేదు. 'నత్తనడకన వంతెన పనులు', 'నత్తనడకన ధాన్యం కొనుగోళ్లు', 'నత్తనడకన భూసర్వే'. సబ్ ఎడిటర్ గారికి కోపం ముదిరితే 'నత్తే నయం' అంటారు. చమత్కారం పొంగిన రోజు మిమ్మల్ని పక్కనపెట్టి 'కొన...సాగుతున్న పనులు' అని చుక్కలు పెడతారు. ఎన్ని చుక్కలుంటే అన్నేళ్ల ఆలస్యమని పాఠకులు అర్థం చేసుకోవాలి.

ఇందులో మీకు జరిగిన పరువు నష్టాన్ని నేను లెక్కగట్టాను. తోటలో తిరిగే మామూలు నత్త సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున కదులుతుంది. ఆగకుండా పోతే రోజుకు 86 మీటర్లు. శ్రీశైలం జలాశయం నీళ్లను నల్లమల అడుగు నుంచి తేవాల్సిన వెలిగొండ జంట సొరంగాల్లో ఒక్కోదాని పొడవు సుమారు 18.8 కిలోమీటర్లు. ఈ మొనన బయల్దేరితే ఆ మొనన తేలడానికి మీకు ఏడు నెలల పైచిలుకు చాలు. శంకుస్థాపన 1996లో జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021లో ముగిసింది, రెండోది 2024లో. కొండరాయి గట్టిది, యంత్రాలు మొరాయించాయి, నిధులు ఆగాయి. తవ్వడం వేరు, తవ్వినదాంట్లో నడవడం వేరని మీరే వినయంగా అంటారు, తెలుసు. అయినా ఆ పనికి మీ పేరు పెట్టడం అన్యాయమండీ.

ఇక మీ దాయాది శరవేగం గారు. పోలవరానికి 1981లో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్య గారు పునాదిరాయి వేశారు. ఆ బాణం ఇంకా గాల్లోనే ఉంది. 2019 జనవరిలో మాత్రం 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. పాపం, శరవేగం గారికి తన పేరుకు తగ్గ పని దొరికింది ఆ ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఆయన ఉద్యోగమంతా శీర్షికల్లోనే.

మా ఇంటికి రెండు పేపర్లు వస్తాయి. అదే కాలువ, అదే పొక్లెయిను. ఒకదాంట్లో శరవేగం గారు, రెండోదాంట్లో మీరు. మీ ఇద్దరికీ బదిలీలు అయిదేళ్లకోసారి. ఓట్ల లెక్కింపు ముగిసిన మర్నాడే ఆయన ఈ పేపరు నుంచి ఆ పేపరుకు, మీరు ఆ పేపరు నుంచి ఈ పేపరుకు సామాను సర్దుకుంటారు. పొక్లెయిను మాత్రం కదలదు. బిల్లు రాలేదని డ్రైవరు ఊరెళ్లాడు. నిన్న ఎన్ని మీటర్లు తవ్వారు, ఇంకెన్ని మిగిలాయి అన్న ముక్క రెండింట్లోనూ ఉండదు. అంకె వేస్తే మీలో ఒకరి ఉద్యోగం పోతుంది కదా.

హుటాహుటిన గారిది పోలీసు శాఖ. 'ఘటనా స్థలానికి చేరుకున్నారు' అన్న మాట పక్కన తప్ప ఎక్కడా నిలబడరు. స్థానికులు ఫోన్ చేసిన రెండు గంటలకు వచ్చినా హుటాహుటినే. యుద్ధప్రాతిపదిక గారు వాన వెలిశాక దిగుతారు. గుంతల మీద యుద్ధం ప్రకటిస్తారు, సమీక్షా సమావేశంలో టీ తాగేలోపే సంధి కుదురుతుంది. చకచకా గారు చిన్నవారు, పంచాయతీ మురుగుకాలువల దాకే.

నిజంగా వేగమున్నది ఆగమేఘాలు గారికి ఒక్కరికే. శిలాఫలకాల శాఖ ఆయనది. కడప జిల్లాలో ఉక్కు కర్మాగారానికి 2007లో పునాది పడింది, 2018లో పడింది, 2019లో పడింది, 2023లోనూ పడింది. ఇంత చురుకైన మనిషిని ఫలకం మీద గుడ్డ తొలగించగానే సెలవు మీద పంపేస్తారు. ఆ తర్వాత కబురొచ్చేది మీకే.

అందుకని నా సలహా: పరువు నష్టం దావా వేయండి. వకీలు ఖర్చు పాఠకులం చందా వేసుకుంటాం. ఒక్క చిక్కుంది. ఆ దావా ఎలా సాగుతోందో రాయడానికి కోర్టు విలేకరికి మీ పేరు తప్ప ఇంకోటి తోచదు.

ఇట్లు,
యుద్ధప్రాతిపదికన పూడ్చబోతున్న గుంత పక్కింటాయన